గంధరాజం కొమ్మను సక్రమంగా దొంగిలించు విధానం

ఒక సమాజం ఎంత నాగరికమైనదో తెలియాలంటే, అక్కడి వాళ్ళు పక్కింటి మొక్కను ఎలా సంపాదిస్తారో చూడాలి. ఆ లెక్కన కేరళలో, ఇరింజాలకుడలోని మా పడింజారే వీధి ఎవరికీ తీసిపోదు. ఇక్కడ అడిగి తెచ్చుకున్న కొమ్మ బతకదు, దొంగిలించిన కొమ్మే చిగురిస్తుంది. తాతల కాలం నుంచి అందరూ ఒకరి పెరట్లో ఒకరు దొంగిలించుకుంటూ హాయిగా ఉండేవారు. ఈ అరాచకాన్ని సహించలేక వీధి సంఘం మూడేళ్ళ క్రితం మొక్కల దొంగతనానికి దరఖాస్తు ప్రవేశపెట్టింది.

నాకు పెళ్ళయి ఐదు వారాలు. (ధనీష్ ముప్ఫై ఆరు రోజులంటాడు. కాపురంలో మా మొదటి గొడవ అదే, చాలా బాగా జరిగింది.) పక్కింటి రోసిలి టీచర్ గంధరాజం మా గోడ మీదకి వంగి ఉంటుంది. కాపురానికి వచ్చిన రోజు అందులోంచి రాలిన పువ్వును ధనీష్ నా జడలో తిరగేసి పెట్టాడు. మా కుండీలోనూ అదే మొక్క ఉండాలని ఆ క్షణమే తీర్మానించుకున్నాను. ఆరుద్ర కార్తె నడుస్తోంది, కొమ్మ గుచ్చితే చాలు వేరు పడుతుంది. కానీ వచ్చే ఆదివారం టీచర్ కొడుకు జోబి ముంగిలంతా టైల్స్ వేయిస్తున్నాడు. కారు నిలపడానికి చెట్టు అడ్డమట. అంటే మాకున్నది ఆరు రోజులు.

సంఘం కార్యదర్శి దామోదర పిషారడి గారు రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. దరఖాస్తును వెలుతురుకేసి పట్టుకుని చూశారు.

"దొంగలు ఇద్దరా?"

"అవునండీ, భార్యాభర్తలం."

"అయితే ఉమ్మడి దొంగతనం. పెళ్ళి సర్టిఫికెట్ నకలు జత చెయ్యాలి. యజమానురాలి సంతకమేదీ?"

"ఆవిడకి తెలియకుండా కదండీ చెయ్యాల్సింది!"

"అందుకే ఆ సంతకం. తనకేమీ తెలియదని ఆవిడే రాసివ్వాలి, కుట్టీ."

టీచర్ రాసిచ్చారు. మంగళవారం సాయంత్రం నాలుగూ పది నుంచి నాలుగూ పాతిక వరకు మాకు దొంగతనం మంజూరైంది. ఆ సమయంలో యజమానురాలు వంటింట్లో, వీధికి వీపు పెట్టి ఉండాలి. పిషారడి గారు గొడుగు కింద పరిశీలకుడిగా నిలబడ్డారు. మేం గోడ ఎక్కాం. నాలుగూ పన్నెండుకి కుండపోత మొదలైంది.

నాలుగూ పదమూడుకి టీచర్ గొడుగుతో పరుగెత్తుకొచ్చారు. "అయ్యో మోళే, నా తల్లీ, జలుబు చేస్తుంది! లోపలికి రండి, టీ పెట్టాను, పళంపొరి కూడా వేశాను. నువ్వేంట్రా ధనీషే, పెళ్ళాన్ని తడిపి చోద్యం చూస్తున్నావు?"

అరటిపండు బజ్జీలు వేడివేడిగా నాలుగు తిన్నాను. పిషారడి గారు రెండు తిని, చేతులు తుడుచుకుని నివేదిక రాశారు: "యజమానురాలు దొంగలను చూడటమే కాక ఆదరించినది. దొంగతనం చెల్లదు." మళ్ళీ విచారణ సోమవారం.

"సోమవారానికి ఇక్కడ చెట్టుండదు పిషారడీ," అన్నారు టీచర్.

"నియమం నేను పెట్టింది కాదు."

"నువ్వే పెట్టావు. ఆ రోజు కూడా మా ఇంట్లోనే టీ తాగావు. నాకు డెబ్బై ఎనిమిదేళ్ళు, నీ సంతకం వచ్చేలోగా ఆ కొమ్మేదో నా సమాధి మీదే నాటుకోవాలి!"

ఆయన ఆ మాటను కూడా నివేదికలో చేర్చారు.

శనివారం మేం సినిమాకి వెళ్ళొచ్చేసరికి మా కుండీలో జానెడు గంధరాజం కొమ్మ గుచ్చి ఉంది. పక్కనే ఒక ఎడమకాలి చెప్పు. గోడ మీద టీచర్ చీర కొంగు పీలిక. ధనీష్ నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడ్డాడు. నేను ఆ కొమ్మకి ముద్దు పెట్టాను. (రెండోసారి ధనీష్‌కి పెట్టాను, అతను అలిగాడు మరి.)

ఆదివారం టైల్స్ పరిచారు. సోమవారం విచారణ.

యజమానురాలు తన మొక్కను తానే దొంగిలించి ఇతరుల కుండీలో నాటడానికి దరఖాస్తు లేదని పిషారడి గారు తేల్చారు. కాబట్టి కొమ్మను యథాస్థానంలో తిరిగి నాటాలని ఉత్తర్వు ఇచ్చారు. యథాస్థానంలో జోబి కారుందని మనవి చేశాం. అయితే కారు కదిలేదాకా కొమ్మ సంఘం ఆధీనంలో ఉంటుందని, మా కుండీలోనే దాన్ని భద్రపరచాలని సవరించారు. చూడటానికి వచ్చేవారు పుస్తకంలో వివరాలు నింపాలి.

టీచర్ రోజూ సాయంత్రం వస్తారు. వంగి, చిగురు లెక్కపెట్టి, ఈసారి మరిచిపోకుండా చెప్పులు చేతపట్టుకుని వెళ్ళిపోతారు. మొదటి రోజు 'మొక్కతో సంబంధం' అన్న గడిలో 'నలభై ఏళ్ళు పెంచాను' అని రాశారు.

పిషారడి గారు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, 'ఏమీ లేదు' అని దిద్దారు.