తెల్ల మూత, నల్ల మూత

"నా సీసాల మూతలు కడగమని ఎవరు చెప్పారే నీకు?" రాత్రంతా కంటిమీద కునుకు లేని బువాథాంగ్ పొద్దున్నే వంటింటి గుమ్మంలో కోడల్ని నిలదీసింది.

"జిడ్డు కారుతున్నాయి అత్తయ్యా. చీమలు పట్టవూ?" అంది రచనీ.

"పట్టనీ. వాటికీ మోకాళ్ళుంటాయి."

ఆ రోజు మామగారి సంవత్సరీకం. భిక్షువులు భోజనానికి వస్తున్నారు. కోడి పులుసు మాత్రం తనే చేస్తాననీ, మిగతా వంట సవ్యంగా జరిగితే వంటిల్లు కోడలికి అప్పగించే సంగతి ఆలోచిస్తాననీ అంది బువాథాంగ్. అందుకే రచనీ ముందురోజే అలమారంతా ఖాళీచేసి, గంజాయి నూనె సీసాలతో సహా అన్నీ తోమిపెట్టింది. తెల్ల మూతది సీబీడీ, మత్తు లేనిది, మోకాళ్ళ నొప్పులకు. నల్ల మూతది టీహెచ్‌సీ, అసలు మత్తు అదే, అత్తగారి నిద్రకు. గంజాయి మందుల మీద ప్రభుత్వం పెట్టిన జిల్లా శిక్షణ తరగతికి వెళ్ళొచ్చి, ఈ తేడా ఇంటిల్లిపాదికీ నూరిపోసింది రచనీయే.

భిక్షువులు కూర్చున్నారు. పాత్రలు సమర్పించడం అయింది. అప్పుడు చూసింది రచనీ, చెత్తబుట్టలో గంజాయి కాడలు.

"అత్తయ్యా, కోడి పులుసులో ఏం వేశారు?"

"పెరట్లో ఆకు. మా అమ్మ వేసేది. రుచొస్తుంది."

"పచ్చిగా ఉంటే పరవాలేదు, వేడి తగిలితేనే టీహెచ్‌సీ అవుతుంది! ఎంతసేపు మరిగించారు?"

"కోడి ఉడికేదాకా. పచ్చి కోడి పెట్టమంటావా?"

రచనీ గుమ్మం దాకా పరుగెత్తి ఆగిపోయింది. మత్తు ముట్టమని వ్రతం పట్టినవాళ్ళకు మత్తు తినిపించిన ఇల్లంటే, వంటిల్లు మాట దేవుడెరుగు, ఊళ్ళో తలెత్తుకునేదెలా? వెనక్కి తీసుకుందామా అంటే, ఒకసారి సమర్పించిన పాత్రను ఇంటివాళ్ళు తాకకూడదు.

తలుపు సందులోంచి చూసింది. చిన్న భిక్షువు ఎందుకో నవ్వుకుంటున్నాడు. టీహెచ్‌సీ, అనుకుంది. పక్కాయన కళ్ళు మూసుకుని ప్రశాంతంగా ఉన్నాడు. సీబీడీ. పెద్ద గురువుగారు కునికిపాట్లు పడుతున్నారు.

"ఎండుటాకు కూడా కలిపారా? పాతబడితే అందులో మగతనిచ్చే సీబీఎన్ చేరుతుంది!"

"మరి పారేస్తామా?"

రచనీ భర్త థనిత్‌కు సైగ చేసింది, ఇక చాలని. అతను తల ఊపి, వంటింట్లోని రెండో గిన్నెడు పులుసు కూడా తెచ్చి సమర్పించాడు. "మొహమాటపడకండి గురువుగారూ, ఇంకా బోలెడుంది!"

పులుపు మత్తు విరుస్తుందని విన్న రచనీ నిమ్మరసం పిండి గ్లాసులు పంపింది. పెద్దాయన ఒక్క గుక్క తాగి, కునుకు వదిలి, "చక్కెర మరిచావు తల్లీ" అన్నారు. రచనీ అలమార దగ్గరికి వెళ్ళింది. కాస్త స్తిమితపడదామని తెల్ల మూత సీసా తీసి నాలుక కింద ధారాళంగానే వేసుకుంది.

భోజనాలు ముగిశాయి. అందరూ చేతులు జోడించి కూర్చోగా దీవెన మంత్రాలు మొదలయ్యాయి. రచనీ చూపు ముందున్న భర్త చెవుల మీద పడింది. ఇన్నేళ్ళూ అవి అంత పెద్దవని ఆమె గమనించలేదు. కిసుక్కున నవ్వింది. నోరు నొక్కుకుంది. తర్వాత నొక్కుకున్నా లాభం లేకపోయింది.

మంత్రాలు అయ్యాక పెద్దాయన అడిగారు. "ఏమైంది తల్లీ?"

"మీరంతా మత్తులో ఉన్నారు గురువుగారూ, పులుసులో పెరటి గంజాయి ఆకుంది!" అంది రచనీ, కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"రాత్రి ఒకరింట్లో శవజాగరణకు వెళ్ళాం. నిద్ర చాలలేదు, అంతే. మత్తు సంగతి నిన్నే అడగాలి."

"ఆ మొక్క మత్తు లేని రకమే కదా" అన్నాడు థనిత్. "నీ పాఠం విన్నాకే ఏరికోరి తెచ్చాను."

బువాథాంగ్ తెల్ల మూత సీసాను వాసన చూసింది. "రాత్రి నాకు నిద్రెందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసింది. కడిగి, దీని మూత దానికి పెట్టావు."

భిక్షువులు వెళ్ళాక ఇంటివాళ్ళు చాప మీద భోజనానికి కూర్చున్నారు. రచనీ తలెత్తలేదు.

"ఇవాళ్టి నుంచి వంటిల్లు రచనీది" అంది బువాథాంగ్.

థనిత్ చేతిలో ముద్ద ఆగింది. "ఇంత జరిగాకా?"

"మీ నాన్న పోయాక ఈ ఇంట్లో అలా నవ్వినవాళ్ళు లేరు. వంటిల్లంతా దానిదే. మూతలు మాత్రం నావి."

అభ్యంతరం చెప్పాలని రచనీకి గట్టిగానే అనిపించింది గానీ, నోటినిండా జిగురన్నం ఉంది.