జోర్నిత్స చరిత్రకు తలూపిన వైనం

ఇకమీదట మా ఊరు దోల్నా రెకాలో జోర్నిత్స కంప్యూటర్ కంపెనీ చరిత్ర తెలియనివాళ్లంటూ ఉండరని మంత్రి ద్రుమెవ్ గారు ప్రకటించారు. ముప్ఫై ఏళ్ల కిందట కంపెనీ మూసివేత కాగితం మీద సంతకం వారిదే. కనక ఆ చరిత్ర ఎక్కడ ముగుస్తుందో వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

కంపెనీ పాత భోజనశాలలో చరిత్ర వనరుల కేంద్రం వెలిసింది. గోడ మీద సంవత్సరాలవారీగా గీత గీశారు. అది మంత్రిగారి పుట్టుకతో మొదలవుతుంది. చదవాల్సిన పుస్తకాల జాబితాలో పదకొండు పేర్లున్నాయి, రాయడమొక్కటే మిగిలింది. పనిచేసే కంప్యూటర్ దొరకలేదు గానీ, పని చెయ్యనిదానికి చక్కగా రంగు వేయించారు.

ఇక నేనిచ్చిన క్యాసెట్. ఆ రోజుల్లో మా కంప్యూటర్లకు ప్రోగ్రాములు క్యాసెట్ల నుంచే ఎక్కించేవాళ్లు. కంప్యూటర్లను పరీక్షించే విభాగంలో పనిచేసిన మా ఆయన వెలిన్, ఒక ఖాళీ క్యాసెట్ మీద కంపెనీ కథంతా తన గొంతుతో చెప్పి పెట్టాడు. ఆయన పోయి పద్దెనిమిదేళ్లు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. నా టేప్‌రికార్డర్ పాడైంది, కేంద్రంలో రోజూ వచ్చి వినొచ్చన్నారు. అందుకే ఇచ్చాను.

అందుకున్నది మంత్రిగారి సలహాదారు ఒగ్న్యాన్, బ్రస్సెల్స్‌లో తొమ్మిదేళ్లు ఉండి వచ్చిన మేధావి. అప్పుడు నా నోటినిండా వాళ్లు పెట్టిన బానిత్స, వేడివేడి జున్ను రొట్టె, ఉంది.

“ఇందులో ముఖ్యమైనదేమైనా ఉందా, బామ్మా?”

తల అడ్డంగా ఊపాను. అవునంటే మేం అడ్డంగానే ఊపుతాం, కాదంటే పైకీ కిందికీ. తొమ్మిదేళ్లలో ఆయన తల అటుది ఇటయింది.

మర్నాడు విందామని వెళ్తే, క్యాసెట్లో వెలిన్‌కు బదులు మంత్రిగారు దగ్గి, ప్రసంగం మొదలుపెట్టారు.

“అయ్యో బాబూ, ఉందని చెప్పాను కదయ్యా!” అన్నాను ఒగ్న్యాన్‌తో.

“తల అడ్డంగా ఊపారు కదా?”

“ఊపకుండా ఉందని ఎలా చెప్పేది?”

తోడొచ్చిన పక్కింటి మిత్రా అంది: “ఈయన తల తిరగబడింది వదినా. నయం, మంత్రిగారిదైతే అసలు కదలదు.”

ప్రసంగం అయ్యాక చివర్న కాస్తయినా మిగిలిందేమో చూడమని బతిమాలాను. ప్రారంభోత్సవందాకా ముట్టుకోకూడదన్నారు.

ఆ రోజు మంత్రిగారు వేదిక మీద కూర్చుని, తన ప్రసంగాన్ని తానే శ్రద్ధగా విన్నారు. “చరిత్రను ఎవ్వరూ చెరిపెయ్యలేరు!” అంది క్యాసెట్. చప్పట్లు. తర్వాత టక్కుమని చిన్న చప్పుడు.

“...నెవ్యానా, కాఫీ పొంగిపోతోందే! ఆ, ఎక్కడున్నాను? మొదటి కంప్యూటర్...”

అది మా వెలిన్ గొంతే, పిలిచింది నన్నే. మిత్రా నా చెయ్యి పట్టుకుంది.

“ఎవడయ్యా వాడు? నా ప్రసంగంలో కాఫీ ఏమిటి?” అన్నారు మంత్రిగారు.

అంతలో జాతీయగీతం మొదలైంది. అందరం నిటారుగా నిలబడ్డాం. మధ్యలో మాట్లాడకూడదు. ఒగ్న్యాన్ రికార్డింగు మీట మీద వేలు పెట్టి, కనుబొమలెగరేసి నన్నడిగాడు: చెరిపెయ్యనా?

నోట్లో ఈసారి బానిత్స లేదు, జాతీయగీతం ఉంది. మా పద్ధతిలో వద్దంటే మళ్లీ తప్పు చదువుతాడని, బ్రస్సెల్స్ పద్ధతిలోనే వద్దన్నాను. తలగుడ్డ జారిపోయేంత గట్టిగా, అడ్డంగా.

ఆయన మీట నొక్కాడు. క్యాసెట్ చివరిదాకా జాతీయగీతం చాలా స్పష్టంగా ఎక్కింది.

“ఈసారి సరిగ్గా అర్థం చేసుకున్నాను కదా, బామ్మా!” అన్నాడు దగ్గరికొచ్చి, ముఖం వెలిగిపోతూ. “మీరు బాధపడ్డారని మొన్న రెండు రోజులు శిక్షణ తీసుకున్నాను. స్థానిక తలాడింపులో సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.”

దాన్ని పటం కట్టించి కేంద్రం గోడకు తగిలించారు. అక్కడ చదువుకోవడానికి దొరికేది ఇప్పటికి అదొక్కటే.