నీళ్ల పనిముట్టు అప్పలసూరి

పురపాలక కార్యాలయం పనిముట్ల జాబితాలోకి ఎక్కిన మర్నాటి నుంచి వాల్వు ఆపరేటరు అప్పలసూరి, పిలుపు వచ్చిన చోటికి నడవకుండానే చేరుకోవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో దీన్నెవరూ వింతగా తీసుకోలేదు. సైకిలు భత్యం మాత్రం ఆపేశారు.

పద్ధతి సులువైనదే. ఊళ్లో ఎవరైనా ఫిర్యాదు పెడితే ఆఫీసు కంప్యూటర్లోని ఏఐ ఏజెంటు దాన్ని చదువుతుంది. జాబితాలో ఏ పనిముట్టు వర్ణన ఆ ఫిర్యాదుకు సరిపోతుందో చూసి దాన్ని పిలుస్తుంది. మరుక్షణం ఆ పనిముట్టు అక్కడ ఉంటుంది. జాబితాలో నిచ్చెన, దోమల పొగయంత్రం, కుక్కల బండి, వాటి కింద అప్పలసూరి. "నీళ్లకు సంబంధించిన వ్యవహారాలు చూస్తాడు" అని అతని వర్ణన. ఎవరు రాశారో గానీ, చదివినవాళ్లందరికీ బాగానే ఉందనిపించింది.

మొదటి పిలుపు వచ్చేసరికి అప్పలసూరి అన్నం కలుపుకుంటున్నాడు. ముద్ద నోటికి చేరేలోగా అతను కౌన్సిల్ హాల్లో నిలబడి ఉన్నాడు. రెండో చేతిలో వాల్వు కీ ఉంది. మురుగుకాలువ పని ఎందుకాగిందని అడిగితే ఒక వార్డు సభ్యుడు నీళ్లు నములుతున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారట.

"నానేటి సెయ్యాలి బాబూ?" అని అడిగాడు.

"నీ పనేదో నువ్వు చెయ్యి," అన్నారు చైర్మన్.

ఏం తోచక, ఆ సభ్యుడి కుర్చీ కాలికున్న నట్టును కీతో అరచుట్టు తిప్పాడు. సభ్యుడు గుటక వేసి, కంట్రాక్టరు తన బావమరిదేనని చెప్పేశాడు. పని పూర్తయిందని ఏజెంటు నమోదు చేసుకుంది.

ఆ తర్వాత పిలుపులు తెరిపి లేకుండా వచ్చాయి. ఒక ఇంట్లో కోడలు నీళ్లోసుకుందని ఆరోగ్య కేంద్రానికి కబురు పెడితే, ఆశా కార్యకర్తకు బదులు అప్పలసూరి వాళ్ల వంటింట్లో తేలాడు. "వాల్వు మడిసినమ్మా నాను," అన్నాడు సిగ్గుపడుతూ. "ఏజెంటు పంపినోడివే గదా, కూకో," అని అత్తగారు కొబ్బరిముక్క చేతిలో పెట్టి, కాన్పు ఎప్పుడవుతుందని అడిగింది. పింఛను మీద ఆశకు నీళ్లొదులుకున్నానని అర్జీ పెట్టిన ముసలాయన దగ్గర ఒక పూటంతా కూర్చోవలసి వచ్చింది. తాను చేస్తున్నది మేలో కీడో అప్పలసూరికి అంతుబట్టలేదు. అన్ని పనులూ పూర్తయినట్టే నమోదవుతున్నాయి.

ఈలోగా అతను కాపురముండే గెడ్డవీధిలో కుళాయిలు ఎండిపోయాయి. అతని భార్య ఎర్నమ్మే ముందుగా ఫిర్యాదు పెట్టింది. కుళాయిలో నీళ్లు లేవని రాస్తే, నీళ్లే లేవు గనక నీళ్లకు సంబంధించిన పనిముట్టు వర్తించదని జవాబు వచ్చింది. ఈసారి ఆమె నీళ్లు అందడం లేదని రాసింది. వెంటనే గుమ్మంలో నిచ్చెన నిలబడింది. అందనివాటిని అందుకోవడానికి వాడేది అని దాని వర్ణన. వీధిలో మిగతా ఆడవాళ్లూ అలాగే రాశారు. వారం తిరక్కుండా గెడ్డవీధిలో ఇంటికో నిచ్చెన చేరింది.

"నీ సేతిలోని పనే గదా. ఎల్లి తిప్పీరాదేటి?" అంది ఎర్నమ్మ.

అప్పలసూరి లేవబోయాడు. లేవలేకపోయాడు. పిలవకుండా నిచ్చెన ఎలా కదలదో అతనూ అలాగే కదలడం లేదు. వాల్వు వీధి మలుపులోనే ఉంది, కిటికీలోంచి కనిపిస్తోంది కూడా.

"కాళ్లు రానేదే," అన్నాడు.

ఎర్నమ్మ పక్కవీధి బోరింగు దగ్గరికి బిందె పట్టుకుని వెళ్లింది.

అదృష్టవశాత్తు అదే వారం ఆఫీసు వర్ణనల విభాగంలో శిక్షణ కార్యక్రమం నీరుగారిపోయిందని ఎవరో ఫిర్యాదు పెట్టారు. అప్పలసూరి నేరుగా ఆ విభాగం అధికారి హేమనళిని మేడం బల్ల ముందు నిలబడ్డాడు. దొరికిందే సందని సంగతంతా చెప్పుకున్నాడు. ఆమె మంచిది, ఓపికగా వింది.

"తప్పు నీది కాదు, ఏజెంటుదీ కాదు. వర్ణన వదులుగా ఉంది," అంది. "ఏం చేస్తావో, ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు పిలవకూడదో, చేశాక ఏం జవాబిస్తావో అన్నీ విడమరిచి రాయాలి. చెప్పు, నువ్వేం చేస్తావు?"

"కుళాయిలకి నీలొచ్చీలాగ సేస్తానమ్మా."

"నీళ్లు నువ్వు తెస్తావా?"

"నేదమ్మా. ట్యాంకులో ఉంటాయి."

"ట్యాంకులో లేకపోతే?"

"అప్పుడు రావు."

"మరి నీళ్లొస్తాయని రాస్తే అబద్ధమవుతుంది కదా. పాపం, మనం రాసింది రాసినట్టే ఏజెంటు నమ్ముతుంది."

మేడం రాసి, చదివి వినిపించింది: "గెడ్డవీధి మలుపులోని వాల్వును తిప్పుతాడు. రోజూ తెల్లవారగానే పిలవాలి. ఇంక దేనికీ పిలవకూడదు. జవాబు: తిప్పాను." ప్రతి మాటా నిజమే. ఏదో వదిలేశారని అతనికి అనిపించింది గానీ, అదేమిటో చెప్పలేకపోయాడు. వేలిముద్ర వేశాడు.

మర్నాడు తెల్లవారగానే అప్పలసూరి వాల్వు దగ్గర ఉన్నాడు. ఆడవాళ్లు బిందెలతో బారు తీరారు. అతను కీ తిప్పాడు. కుళాయిలు కాసేపు గాలి ఊది ఊరుకున్నాయి. ట్యాంకు నింపవలసిన పంపు ఆపరేటరు వర్ణన ఇంకా సరిచెయ్యలేదు. మోటార్ల పని చూస్తాడని ఉండడంతో అతను ఊళ్లో పాడైన మోటారుసైకిళ్ల మధ్య తిరుగుతున్నాడు.

"ఏటయ్యింది?" అని అడిగింది ఎర్నమ్మ.

ట్యాంకు సంగతి చెబుదామని అప్పలసూరి నోరు తెరిచాడు.

"తిప్పాను," అన్నాడు.

"నీలేవీ?"

"తిప్పాను."

ఎర్నమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. అతని కళ్లు ఇంకేదో చెప్పబోతున్నాయనిపించింది. అది వర్ణనలో లేదు. ఆఫీసులో గెడ్డవీధి ఫిర్యాదులన్నీ ఒక్కసారిగా పరిష్కారమయ్యాయి. ఆ వర్ణనను నమూనాగా మిగతా ఊళ్లకు పంపారు.

మొదట్లో వీధిలో గొడవయింది. ఒకరిద్దరు అప్పలసూరి చొక్కా పట్టుకుని నిలదీశారు. అతను ఇచ్చే జవాబు అందరికీ తెలిసిందే కావడంతో నెమ్మదిగా మానుకున్నారు. ఇప్పుడు ఆడవాళ్లు తెల్లవారగానే వచ్చి బిందెలు వరసలో పెడతారు. కీ తిరుగుతుంది. తిప్పాననే మాట విని, ఖాళీ బిందెలు చంకనెత్తుకుని బోరింగు వైపు వెళ్తారు.

కొత్తగా కాపురానికొచ్చిన ఒకామె ఒకరోజు, ఎందుకిలా నిలబడడమని ఎర్నమ్మను అడిగింది.

"మునుపు నీలెప్పుడొస్తాయో తెలిసీది కాదమ్మా," అంది ఎర్నమ్మ, బిందె సర్దుకుంటూ. "ఇప్పుడు రావని టయానికి తెలుస్తంది."

ఆ కొత్తావిడ తల ఊపి, తన బిందెను వరసలో పెట్టింది.