నాలుగో నంబరు మేకు

ఆ ఉదయం సర్వేయరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పార్కుకు వెళ్లాలి, మనిషి అలికిడి లేని చోటు ఒకటి వెతకాలి, అక్కడ కూర్చుని నిన్నటి కబుర్లన్నీ భార్యకు చెప్పాలి. భార్య పోయి పది నెలలైంది. కబుర్లు చెప్పడానికి అదొక అడ్డంకి అని ఆయనకు ఎప్పుడూ అనిపించలేదు.

ముప్పై ఎనిమిదేళ్లు సర్వే ఆఫీసులో గొలుసు పట్టి నేల కొలిచిన మనిషి. సాయంత్రం ఇంటికి రాగానే ఆ రోజు జరిగిందంతా పూస గుచ్చినట్టు ఆవిడకు అప్పజెబితే తప్ప కాఫీ గొంతు దిగేది కాదు. ఆవిడ పోయింది గానీ అలవాటు పోలేదు. ఇప్పుడు కూతురింట్లో ఉంటున్నాడు. మొన్న స్నానాల గదిలో, కొత్త చెప్పులు కరుస్తున్న సంగతి ఆవిడకు చెబుతుంటే తలుపు అవతల కూతురి అడుగుల చప్పుడు ఆగింది.

"నాన్నా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ లేదమ్మా" అన్నాడు. అబద్ధమాడాననుకున్నాడు. కాసేపటికి అదే నిజమని తోచి, తువ్వాలు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు. ఇంకోసారి చెవిన పడితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిందేనని కూతురు అల్లుడితో అంటూండగా విన్నాడు. డాక్టరు మందిస్తే మాటలు ఆగిపోతాయేమోనని ఆయన భయం. ఆవిడ తరఫున మిగిలింది ఆ మాటలే మరి.

అందుకని పార్కు. నగరానికి నడుమ, ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే గంట పట్టే పార్కు. అంత పెద్ద పార్కులో ఒక్క మనిషికి ఏకాంతం దొరక్కపోతుందా అనుకున్నాడు గానీ, దొరకలేదు. మంచి పొదలన్నీ ప్రేమికుల అధీనంలో ఉన్నాయి. వెదురు గుబురు వెనక ఒకాయన వేణువు నేర్చుకుంటున్నాడు. ఇంట్లోవాళ్లు ఆయన్ను ఇంత దూరం ఎందుకు పంపారో రెండు నిమిషాల్లో తెలిసిపోయింది. సర్వేయరు పట్టు వదల్లేదు. వారం రోజులు గడియారం చేతిలో పెట్టుకుని ప్రతి మూలా కూర్చున్నాడు. పావుగంటలో ఇద్దరికి మించి మనుషులు నడిస్తే ఆ చోటు కొట్టేయడమే. చివరికి ఏడు చోట్లు నెగ్గాయి.

చోటు ఖాయం చేశాక గుర్తు పెట్టకుండా వచ్చేయడం సర్వేయరన్నవాడి వల్ల కాదు. ఏడు కొయ్య మేకులు చెక్కాడు. తలలకు కూతురి గోళ్ల రంగు పూశాడు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసి, ఎవరూ చూడకుండా ఒక్కొక్కటే నేలలో దిగ్గొట్టాడు. సుత్తి దెబ్బ పడుతుంటే ఆయనకు పది నెలల్లో మొదటిసారి హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున తోటమాలి కాలికి నాలుగో నంబరు మేకు తగిలింది. తోటమాలి దాన్ని నడక సంఘం కార్యదర్శికి చూపించాడు. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. రిటైరవడమంటే బడిలోంచి మాత్రమే. ఆవిడ వెంటనే, వారంగా పార్కులో కనబడుతున్న సర్వేయరును పిలిపించి, మీరు సర్వే ఆఫీసులోనే చేశారు కదా, ఇదేమిటో చెప్పమంది.

సర్వేయరు ఇరుకున పడ్డాడు. మేకు తనదే అంటే ఎందుకంటారు. ఎందుకో చెబితే సాయంత్రానికల్లా కూతురికి తెలుస్తుంది. అబద్ధమాడటం చేతకాక నిజాలే పొదుపుగా వాడాడు. ఇలాంటివి నేల కొలిచేవాళ్లు పాతుతారన్నాడు. ఊరికే పాతుతారా అని ఆవిడ అడిగితే, ఏదో పని ఉంటేనే పాతుతారన్నాడు. ఏం పని అంటే, అది పాతినవాడికే తెలియాలన్నాడు.

ఆవిడకు అంతా అర్థమైపోయింది. చెట్లు కొట్టేసి భవనాలు లేపబోతున్నారు. నిపుణుడే నోరు విప్పడానికి భయపడుతున్నాడంటే వెనక పెద్ద తలకాయలే ఉన్నాయి. మధ్యాహ్నానికి మిగిలిన ఆరు మేకులూ బయటపడ్డాయి. సాయంత్రానికి ఒక్కో మేకు చుట్టూ ఇరవై మంది చొప్పున, వంతులవారీగా కాపలా మొదలైంది. నగరం మొత్తం మీద నిశ్శబ్దంగా మిగిలిన ఏడు చోట్లలోనూ నినాదాలు మిన్నంటాయి. సర్వేయరును సాంకేతిక సలహాదారుగా వేసుకున్నారు.

రెండు రోజులు ఆయన తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. మూడోనాడు తెల్లవారుతూండగా, కాపలావాళ్లు టీకి వెళ్లిన సందు చూసి రెండో నంబరు మేకు పీకేశాడు. మేకు లేకపోతే గొడవే ఉండదని ఆయన లెక్క. పీకి వెనక్కి తిరిగేసరికి టీ గ్లాసులతో పాతిక మంది నిలబడి ఉన్నారు.  అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వయసులో ప్రభుత్వం మేకు ఒంటిచేత్తో పీకిన మొదటి మనిషి అంటూ ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అంత ఎత్తునుంచి చూస్తే పార్కులో ఎక్కడా ఖాళీ కనిపించలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. జనం దాన్ని ఆనందమనుకున్నారు.

పదింటికి పార్కుల అధికారి పరుగున వచ్చాడు. మేకులు మావి కావన్నాడు. మీవి కాకపోతే ఎవరివని హెడ్‌మిస్ట్రెస్ నిలదీసింది. అధికారి తలప్రాణం తోకకొచ్చింది. ఎవరో ఒకరిని చూపిస్తే తప్ప జనం కదిలేలా లేరు. చుట్టూ చూసి, రోజంతా ఇక్కడుండేది తోటమాలే కాబట్టి వీడి తెలివితక్కువ పనే అయి ఉంటుందని, ఈ క్షణం నుంచి వీడికి ఉద్యోగం లేదని ప్రకటించాడు.

 తోటమాలి చేతిలోని నీళ్ల గొట్టం నేల మీద పెట్టేశాడు. అది చూసి సర్వేయరు ఉండబట్టలేకపోయాడు.

"అతనికేం సంబంధం లేదండీ. మేకులు పాతింది నేను."

"మీరా? ఎందుకండీ?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"మా ఆవిడతో మాట్లాడుకోవడానికి. ఇంట్లో కుదరట్లేదు. ఎవరూ వినని చోటు కావాల్సొచ్చింది."

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారు?"

"పోయి పది నెలలైందండీ."

నవ్వుతారనుకున్నాడు. కనీసం తిడతారనుకున్నాడు. రెండూ జరగలేదు. అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుని, నీళ్ల గొట్టం తానే తీసి తోటమాలి చేతికిచ్చాడు. జనం ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. హెడ్‌మిస్ట్రెస్ మాత్రం ఆగింది. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఏడింటిలోనూ బాగా ఉండేది ఏదండీ?"

"నాలుగోదండీ. మధ్యాహ్నం మూడు దాటాక అసలెవరూ రారు."

ఇంటి దగ్గర కూతురికి సంగతి అప్పటికే తెలిసిపోయింది. డాక్టరు మాట ఎత్తలేదు. అన్నం వడ్డిస్తూ, "అమ్మకి ఈసారి నేనడిగానని చెప్పు నాన్నా" అంది. 

మర్నాడు మూడు దాటాక సర్వేయరు నాలుగో నంబరు దగ్గరికి వెళ్లాడు. హెడ్‌మిస్ట్రెస్ అక్కడ కూర్చుని, ఎదురుగా లేని ఎవరినో వేలు చూపించి మరీ కోప్పడుతోంది. చప్పుడు కాకుండా వెనక్కి తగ్గి మూడో నంబరుకు వెళ్లాడు. అక్కడ తోటమాలి గొంతుక్కూర్చుని "అన్నా, అన్నా" అంటూ ఏదో చెప్పుకుంటున్నాడు. ఒకటీ, రెండూ, ఐదూ, ఆరూ కూడా నిండే ఉన్నాయి. ఏడో నంబరులో పార్కుల అధికారి ఫైలు ఒళ్లో పెట్టుకుని వాళ్లమ్మకు క్షమాపణ చెప్పుకుంటున్నాడు. తను కొలిచి, చెక్కి, పాతిన ఏడింట్లోనూ తనకు చోటు లేదు. ఎవరినీ లేవమనడానికి మనసొప్పలేదు.

కాళ్లు పీకుతుంటే పెద్ద గేటు పక్కన ఫౌంటెన్ దగ్గర బెంచీ మీద కూలబడ్డాడు. పిల్లల కేకలు, ఈలలు, బెలూన్ల బేరాలు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ చెవుల్లో ఏవో గుచ్చుకుని గాలిలోకి గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఎవరూ ఎవరినీ చూడటం లేదు. సర్వేయరు గొంతు సవరించుకుని చిన్నగా మొదలుపెట్టాడు. కాసేపటికి మామూలు గొంతుతోనే, మేకుల దగ్గర్నుంచి అధికారి కళ్లజోడు దాకా అన్నీ చెప్పాడు. కూతురు అడిగిందని రెండుసార్లు చెప్పాడు. చెప్పి, కాసేపు ఆగాడు.

బెంచీ అవతలి కొసన ఒక సేల్స్‌మన్ తన ఫోను పైకెత్తి అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఏమండీ, మీకిక్కడ సిగ్నల్ బాగా వస్తోందా?"

"నా మాట వెళ్తోందనే అనుకుంటున్నానండీ" అన్నాడు సర్వేయరు. "అటునుంచే ఏమీ వినపడటం లేదు."