మట్టిగోడకి ఆనుకుంటే

ఆ రోజు పొద్దున ఆర్కిటెక్టు అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. బడి కమిటీవాళ్లు ముగ్గురు తన ఆఫీసుకి వస్తారు. మట్టిగోడని చూస్తారు. దాని చల్లదనం వీపుకి తగలగానే, కొత్త బడి ఇలాంటి గోడలతోనే కట్టమంటారు. అనకపోతే మాత్రం ఆఫీసుకి తాళం వేసి, పాత కంపెనీకి వెళ్లి మళ్లీ అపార్టుమెంట్ల స్నానాలగదులు గీసుకోవాలి. ఈ రెండో ముక్క బాబాయికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ గోడ బాబాయీ తనూ కలిసి కట్టిందే. కాస్త తడిపిన మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, చెక్క పలకల మధ్య జానెడు మందాన పోసి, దిమ్మిసతో ధనధనా కొట్టారు. అది గట్టిపడ్డాక దానిమీద ఇంకో పొర. అలా నేలనుంచి కప్పుదాకా. పలకలు విప్పిన రోజున ఎరుపు, పసుపు, గోధుమరంగు చారలతో ఆ గోడ, ఎవరో సాయంత్రపు ఆకాశాలని మడతలు పెట్టి పేర్చినట్టు కనిపించింది. వీధిలో లారీ వెళ్లినా లోపలికి చీమ నడిచినంత చప్పుడే.

వారంగా ఆమె తన ఉపన్యాసాన్ని బాబాయి ముందు సాధన చేస్తోంది. ఆయన గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, ఎంతో శ్రద్ధగా వినేవాడు.

"ఎలా ఉంది బాబాయ్?"

"అద్భుతం తల్లీ. ఒక్క ముక్క కూడా తీసెయ్యకు."

నిజానికి ఆయన ఏ రోజూ ఉపన్యాసంలో రెండో పొర దాటేదాకా మెలకువగా లేడు. చెప్తే పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాడు.

కమిటీ వచ్చింది. ముందు ఇంజనీరు, వెనక కోశాధికారి, ఆ వెనక ప్రిన్సిపాల్ మేడమ్. హాస్టలు పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు కాపలా మేడమ్. రాత్రి ఏ వేళ కిటికీలోంచి తొంగి చూసినా ఆవిడ వరండాలో నడుస్తూనే ఉండేవారు. భర్త పోయిన దగ్గరనుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

"వానొస్తే ఇది కాలవలో కలిసిపోదూ?" అన్నాడు ఇంజనీరు.

"పైన చూరు, కింద రాతి పునాది ఉంటే ఏం కాదండీ. ఒక్కసారి వీపు ఆనించి చూడండి."

"ముందు ఆ ఫ్యాను వెయ్యమ్మా," అన్నాడు కోశాధికారి.

"అక్కర్లేదండీ. మీకే తెలుస్తుంది."

ముగ్గురూ ఆనుకున్నారు. ఆమె తెరలు సగం దించి మొదలుపెట్టింది. "ఒక పొర పోస్తాం. కొడతాం. దానిమీద ఇంకో పొర పోస్తాం. కొడతాం..." కాసేపటికి ఇంజనీరు తల ఊపాడు. ఒప్పుకుంటున్నాడనుకుని ఆమె ఉత్సాహంగా ఇంకో నాలుగు పొరలు కలిపింది. గొంతు తగ్గిస్తే గంభీరంగా ఉంటుందని తగ్గించింది. కప్పుదాకా వచ్చి చూసేసరికి కమిటీ మొత్తం నిద్రపోతోంది.

"బాబాయ్! ఇప్పుడెలా?"

"లేపకమ్మా. నిద్ర చెడగొడితే సంతకం పెడతారా ఎవరైనా? నువ్వెళ్లి బిస్కట్లు పట్రా. నేను కనిపెట్టుకుని ఉంటాగా."

కనిపెట్టుకుని ఉండటానికి ఆయన కూడా గోడకే ఆనుకున్నాడు.

కమిటీవాళ్ల కారు డ్రైవరు మంచినీళ్లకని వచ్చి కిటికీలోంచి చూశాడు. నలుగురు మనుషులు, తెరిచిన నోళ్లు, ఒరిగిపోయిన టీ గ్లాసు. "అయ్యో, మా మేడమ్ నిద్రపోయే మనిషి కాదండీ! ఏదో అయిపోయింది!" అని వీధిలోకి పరిగెత్తాడు. పక్క కొట్టు టైలరు బయటికొచ్చి, "నాకు అప్పుడే అనుమానం. ఆ మట్టిలో ఏదో పొడి కలుపుతుంటే చూశాను" అన్నాడు. అంతే, పొడి కాస్తా గ్యాసు అయింది. వీధి ముక్కు మూసుకుంది. అంబులెన్సు వచ్చింది.

అందులోంచి దిగిన ఒకాయన ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లి, మేడమ్ పక్కన కూర్చుని నాడి పట్టుకున్నాడు. రాత్రంతా డ్యూటీ చేసిన మనిషి. నాడి నెమ్మదిగా, హాయిగా కొట్టుకుంటోంది. గోడ చల్లగా ఉంది. ఆయన మళ్లీ బయటికి రాలేదు. ఆయన కోసం వెళ్లిన రెండో ఆయనా రాలేదు.

"ఇంకెవరూ వెళ్లకండి బాబూ! వెళ్లినవాళ్లు వెళ్లినట్టే పోతున్నారు!" అని డ్రైవరు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపాడు.

బిస్కట్లతో వచ్చిన ఆర్కిటెక్టు అమ్మాయి ఆ చేతుల కిందనుంచి దూరి లోపలికి పరిగెత్తింది. లోపల ఆరు గురకలు. ఆమె చేతిలోని పొట్లం జారి కిందపడింది. ఆ చప్పుడుకి కాపలా మేడమ్ కళ్లు విప్పారు.

"నేను పడుకున్నానా?" అన్నారు, దారిలో పోయిన వస్తువు తిరిగి దొరికిన మనిషిలా.

"క్షమించండి మేడమ్..."

"కల కూడా వచ్చిందమ్మా. ఆయన పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి, ఇంకాసేపు పడుకో అన్నారు." ఆవిడ గోడమీద అరచెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు. తర్వాత గొంతు సవరించుకుని మళ్లీ ప్రిన్సిపాలయ్యారు. "ఈ గోడ బడికి పనికిరాదు. పిల్లల సంగతి తర్వాత, టీచర్లు లేవరు."

అమ్మాయి కళ్లముందు స్నానాలగదులు వరసకట్టాయి.

"కానీ మా ఇంట్లో పడమటి పడగ్గది ఉంది. దానికి ఇలాంటి గోడ నువ్వు కట్టాలి. ఎప్పుడొస్తావ్?"

"మా ఇంట్లో కూడా," అన్నాడు ఇంజనీరు, కళ్లు తెరవకుండానే. అంబులెన్సు ఆయన తడిగుడ్డ విప్పుకుంటూ, తమ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీవాళ్ల గది సంగతి పై వాళ్లతో మాట్లాడతానన్నాడు. టైలరు కూడా వచ్చి, పొడి ఏమిటో అడగడం మానేసి, వీపు ఆనించి చూశాడు.

ఆఫీసుకి తాళం పడలేదు. బడి మాత్రం సిమెంటుతోనే కట్టారు. అందులోనూ పిల్లలు పడుకుంటూనే ఉన్నారట, కాకపోతే చెమటలు కక్కుతూ.