అత్తగారి ఫైనల్‌కి కొత్త ప్రాసెసర్

ఉదయం ఏడున్నరకి అల్లుడి పథకం చాలా చిన్నది. కంప్యూటర్‌లో పాత ప్రాసెసర్ తీసి కొత్తది పెట్టడం. అరగంట పని. పదకొండింటికి అత్తగారికి ఆన్‌లైన్ కార్ల పందెంలో ఫైనల్ ఉంది. లెక్కల టీచరుగా రిటైరయ్యాక ఆవిడ పట్టుబట్టి నేర్చుకున్న విద్య అది. సెమీఫైనల్లో తెర ఆగి ఆగి కదులుతుంటే, "మీ కంప్యూటర్‌కి ఆయాసమా అల్లుడుగారూ?" అని అందరి ముందూ అడిగేసింది. ఆ మాట అతన్ని వారంగా గుచ్చుతూనే ఉంది.

డబ్బా మీది అంకెలు చూడగానే అల్లుడికి చెమట పట్టింది.

"పాతది నాలుగు పాయింట్ ఏడు గిగాహెర్ట్జ్. కొత్తది నాలుగు పాయింట్ నాలుగే. ఇది ప్రమోషనా, డిమోషనా?"

"అంకె కాదు బావా, తరం చూడు. ఇది నాలుగు తరాలు కొత్తది. ఒక్కో అడుగులో ఎక్కువ దూరం పోతుంది. అడుగులు తగ్గితే ఏం?" అన్నాడు బావమరిది. అతని చదువంతా వీడియోల్లోనే సాగింది. స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఎనిమిదింటికి పాతది ఊడింది. కొత్తది కూర్చోలేదు. మదర్‌బోర్డు కూడా మార్చాలన్నాడు షాపాయన ఫోన్లో. అల్లుడు పరుగెత్తి బోర్డు తెచ్చాడు. దానికి పాత మెమొరీ పట్టలేదు. మళ్ళీ పరుగు. మెమొరీ పట్టింది, పాత ఫ్యాను పట్టలేదు. మూడోసారి ఇంట్లోకొచ్చాక హెల్మెట్ తియ్యడం కూడా మర్చిపోయాడు.

అత్తగారు ఒళ్ళో స్టీరింగ్ పెట్టుకుని కుర్చీలో సిద్ధంగా కూర్చుంది.

"పదిన్నర, అల్లుడుగారూ."

"అయిపోయింది అత్తయ్యా!"

"ఏది, టైమా?"

పది నలభైకి స్విచ్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

"కాలిపోయినట్టుంది బావా."

"తరం చూడమన్నది నువ్వే కదరా!"

ఫోన్లో అల్లుడి గొంతు విని షాపాయనే పరుగెత్తుకొచ్చాడు. కంప్యూటర్ వెనక్కి వంగి, తెర వైరు పీకి, కింది రంధ్రంలో గుచ్చాడు. బొమ్మ వచ్చేసింది.

"వైరు ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి సార్. మీరు బోర్డుకి పెట్టారు. పాత ప్రాసెసర్ బొమ్మ తనే చూపించేది, కొత్తదానికి ఆ పని రాదు. ఇంతకుముందు కూడా ఇలాగే పెట్టారా?"

"ఐదేళ్ళుగా."

"అయితే ఐదేళ్ళుగా కార్డు ఖాళీగా కూర్చుంది. ఈ వైరొక్కటి మారిస్తే పాతదే సరిపోయేది."

"కాస్త మెల్లగా చెప్పండి, అత్తయ్య..."

"వినబడుతోంది" అంది అత్తగారు.

పందెం మొదలైంది. రోడ్డు నీళ్ళలా జారుతోంది. మొదటి మలుపులో అత్తగారి కారు గోడకి కొట్టుకుంది. రెండో మలుపులోనూ అంతే. అందరికంటే చివర్లో వచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు బావమరిది.

"తెర ఆలస్యంగా కదులుతుందని, మలుపు రాకముందే తిప్పడం అలవాటు చేసుకున్నాన్రా. ఇదేమో తిప్పీ తిప్పగానే తిరిగిపోతోంది!" స్టీరింగ్ అల్లుడి చేతిలో పెట్టింది. "వచ్చే వారం ఇంకో పందెం ఉంది. ముందెలా ఉండేదో అలా చేసిపెట్టండి."

పాత ప్రాసెసర్ అప్పటికే మార్పిడి కింద షాపాయన సంచిలో వెళ్ళిపోయింది. భోజనాలయ్యాక బావా బావమరిదీ కొత్తదాన్ని నెమ్మదిగా నడిపించడం ఎలాగో చెప్పే వీడియో కోసం వెతకడం మొదలుపెట్టారు.