అంతరించిపోయిన పుట్లమ్మ

చాలా పెద్ద అడవి అది, నాయనలారా. అందులో ఎన్ని చెట్లున్నాయో నాటిన ఆ స్వామికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయనకో దణ్ణం పెట్టుకుని మొదలెడతాను. వెనక కూర్చున్న అమ్మలు కాస్త ముందుకు జరగండి, ఈ కథలో మనిషి మరీ చిన్నది.

పేరు పుట్లమ్మ. చెదపురుగు. జంతువుల బడి వెనకాల పుట్టలో మూడు లక్షల మంది పిల్లాపాపలతో కాపురం. ఏటా నాగులచవితికి అడవంతా వచ్చి, భక్తిగా పాలు పోసి, ఆవిడ వంటిల్లు తడిపి వెళ్ళేది. దేవుడి పేరు మీద పోసినవి కదా అని పుట్లమ్మ ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు.

ఒక సోమవారం పొద్దున కోతిపిల్ల ఒకడు టేపు పట్టుకొచ్చి పుట్ట చుట్టూ కొలవడం మొదలెట్టాడు.

"ఏం కొలుస్తున్నావు నాయనా?"

"శిథిలాలు, మామ్మా. ప్రాచీన చెదల నాగరికత మీద ప్రాజెక్టు. ఇరవై మార్కులు. నువ్వు కాస్త పక్కకు తప్పుకుంటే బొమ్మలో పడవు."

"ఇది నా ఇల్లురా."

"శుక్రవారం దాకా ఉండు, పర్లేదు. ఆ రోజు ఇన్‌స్పెక్టరుగారి ఎదుట తవ్వకాలు. గునపాలు ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకోమన్నారు."

లోపల ఆ వారమే పెట్టిన గుడ్లు, ఇంకా నడక రాని పసివాళ్ళు. స్వామీ అనుకుంటూ పుట్లమ్మ బడికి బయల్దేరింది. చేరేసరికి మధ్యాహ్నం గంట కొట్టారు.

చరిత్ర చెప్పే భల్లంరాజు మాస్టారు ఎలుగుబంటి. కళ్ళజోడు పైనుంచి చూశారు.

"మాస్టారూ, మేం బతికే ఉన్నాం," అంది పుట్లమ్మ.

"పుస్తకంలో అంతరించిపోయారని ఉందే?"

"ఆ పుస్తకం రాసినాయన మా ఇంటికి రాలేదు బాబూ."

"రావలసిన పనేముంది? పరిశోధన చేశారాయన."

కోతిపిల్ల చెయ్యెత్తాడు. "సార్, మరి ఈవిడ మాట్లాడుతోంది కదండీ?"

"అది ప్రతిధ్వని. ప్రాచీన నగరాల్లో ప్రతిధ్వని బాగా ఉండేది. రాసుకోండి."

అందరూ రాసుకున్నారు. చెదల నాగరికత ఎందుకు పోయిందని మాస్టారు అడిగితే వరదలని ఒకడు, కరువని ఒకడు, పెద్దల మాట వినకపోవడమని నక్కపిల్ల చెప్పారు. నక్కపిల్లకు ఒక మార్కు ఎక్కువ పడింది.

"మా తాతను తిన్నది మీ తాతగారు కదా బాబూ," అంది పుట్లమ్మ మాస్టారితో మెల్లిగా.

"దానికి ఆధారాల్లేవు," అన్నారు మాస్టారు, మూతి తుడుచుకుంటూ. "పిల్లలూ, తవ్వకంలో దొరికిన అవశేషాలు ఎవరూ ముట్టుకోకూడదు. అన్నీ నాకు అప్పజెప్పాలి. ఏమమ్మా, బతికే ఉన్నామంటావు, కాగితం ఉందా?"

"ఎక్కడుంటుంది బాబూ?"

"కాగితాలన్నీ బడి బీరువాలో ఉంటాయి. అందులో లేకపోతే లేనట్టే."

పుట్లమ్మ ఇంటికొచ్చి అందరినీ కూర్చోబెట్టింది. "అబ్బాయిలూ, మనం ఉన్నామని రాసిన కాగితం బడి బీరువాలో ఉందేమో చూసి రావాలి. ఒక్కటీ వదలకండి."

బుధ, గురువారాలు ప్రాజెక్టులు చేసుకోమని బడికి సెలవిచ్చారు. మూడు లక్షల మందీ వెతికారు. చెదలు కాగితం చూసే పద్ధతి ఒకటే కదా, నమిలి చూడటం. పాపం, ఎంత శ్రద్ధగా చూశారంటే, ఒక్క అక్షరం వదల్లేదు.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు కొంగగారు ఒంటికాలి మీద నిలబడి, ముందు హాజరుపట్టీ చూపించమన్నారు. మాస్టారు బీరువా తలుపు తీశారు. లోపల చక్కగా అలికినట్టు మట్టి.

"పుస్తకాలు?"

"ఉండేవండి."

"మీ నియామకం ఉత్తర్వు?"

"అదీ ఉండేదండి."

కొంగగారు కాలు మార్చారు. "అయితే ఇక్కడ బడి లేదు. మీరూ లేరు."

"మీ ఎదురుగా నిలబడ్డానండీ."

"కనబడటం వేరు, ఉండటం వేరు. మీ పిల్లలు సాక్ష్యం చెబుతారా?"

హాజరుపట్టీ లేదని తెలిసిన మరుక్షణం పిల్లలు గునపాలు అక్కడే పారేసి ఏటికి ఈతకెళ్ళిపోయారు.

"పోనీ, ఇరుగుపొరుగు ఎవరైనా సంతకం పెట్టాలి," అన్నారు కొంగగారు.

బడికి ఇరుగైనా పొరుగైనా ఆ పుట్టే. భల్లంరాజు మాస్టారు దాని ముందు చతికిలబడ్డారు. "పుట్లమ్మగారూ, ఒక్క సంతకం అమ్మా. పదేళ్ళ సర్వీసు."

"లేనిదాన్ని, నేనేం పెడతాను బాబూ?"

"మీరు ఉన్నారని నేను రాసిస్తాను."

"లేనివాడు రాసిస్తే చెల్లదు," అన్నారు కొంగగారు.

ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. చివరికి కొంగగారే దారి చెప్పారు: ఒకే కాగితం మీద, ఒకే క్షణంలో, ఒకరు ఉన్నారని ఇంకొకరు సంతకం చెయ్యాలి. ఆయన ఒకటి, రెండు, మూడు అన్నారు. మాస్టారు గోరుతో గీశారు. పుట్లమ్మ మూల మీద చిన్న చిల్లు కొరికింది. ఇద్దరూ ఉనికిలోకి వచ్చారు. మనుషులున్న ఇల్లు తవ్వడానికి రూలు ఒప్పదు కాబట్టి తవ్వకం ఆగింది.

"కాగితం ఎక్కడ దాచాలి?" అన్నారు మాస్టారు, బీరువా వైపు చూస్తూ.

"మా ఇంట్లో పెట్టండి బాబూ. దీన్ని మావాళ్ళు తినరు. ఇందులో మా పేరుంది."

అలా ఆ కాగితం పుట్ట అడుగున, గుడ్ల గది పక్కన చేరింది. ఆ తర్వాత ఏ ఎలుగుబంటి అటు వచ్చినా మాస్టారే బెత్తం పట్టుకుని తరిమేవారు. చవితికి పాలు పోసేవాళ్ళను కూడా, తడుస్తుంది, తడుస్తుంది అని దూరంగానే ఆపేవారు. కొత్త పుస్తకాలొచ్చాక మాత్రం చెదలు అంతరించిపోయారనే పాఠం చెప్పారు, సిలబస్ మారలేదు మరి.

నీతి ఏమిటంటే నాయనలారా, మనం బతికుంటే చాలదు, అవతలివాడి ఉద్యోగం మన పుట్టలో ఉండాలి.